గొలుసుకు అందని చిత్తడి

అమెరికా తూర్పు తీరంలో, వర్జీనియా, నార్త్ కరోలినా రాష్ట్రాల సరిహద్దు మీద గ్రేట్ డిస్మల్ స్వాంప్ అనే చిత్తడి అడవి ఉంది. 1728 మార్చిలో ఆ అడవిలోంచి సర్వే గొలుసు లాగారు. అప్పటికి ఆ రెండూ బ్రిటిష్ వలసలు. వాటి మధ్య హద్దు 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం మీద ఉండాలని 1665 నాటి రాజశాసనం చెప్పింది. నేల మీద ఆ గీత ఎక్కడ పడుతుందో మాత్రం అరవై ఏళ్లు దాటినా తేలలేదు. తేలకపోవడం కొందరికి కలిసొచ్చింది కూడా. తాము ఏ వలసకు చెందుతామో తేలని సరిహద్దు జనం రెండు వైపులా పన్ను ఎగ్గొట్టగలిగేవారు. చివరికి రెండు వలసలూ కమిషనర్లను నియమించి, సముద్రపు ఒడ్డున కరిటక్ దగ్గర మొదలుపెట్టి పడమరకు గీత లాగించాయి. చిత్తడి ఎదురయ్యేసరికి కమిషనర్లు అంచు చుట్టూ తిరిగి వెళ్లారు. సర్వేయర్లూ కూలీలూ లోపలికి దిగారు. గీత వెంట చిత్తడి వెడల్పు 15 మైళ్లు. బురదలో కూరుకుపోతూ, దట్టమైన రెల్లు నరుక్కుంటూ, మోసుకెళ్లిన తిండి అయిపోయి, అవతలి ఒడ్డుకు చేరడానికి వాళ్లకు దాదాపు పది రోజులు పట్టింది.

ఆ గీత నిలిచింది. రెండు రాష్ట్రాల సరిహద్దుకు నేటికీ ఆధారం అదే. ఆ యాత్ర ఆ చిత్తడి గురించి లోకానికి చెప్పిన సంగతుల్లో మాత్రం చాలా వరకు నిలవలేదు. అక్కడి గాలి విషమన్నారు, దాని మీదుగా పక్షి కూడా ఎగరదన్నారు, కాలువలు తవ్వి ఎండగడితే తప్ప ఎందుకూ పనికిరాని నేల అన్నారు. హద్దు విషయంలో నమ్మదగిన సర్వే, నేల విషయంలో ఎందుకు అంత పొరబడింది? కొలత ఎంత కచ్చితంగా ఉన్నా, కొలవమన్నవాడు అడిగిన ప్రశ్నకే అది జవాబు చెబుతుంది. అడగనిదాన్ని లేనిదిగా వదిలేస్తుంది. ఏ సర్వేకైనా ఈ పరిమితి ఉంటుంది గానీ చిత్తడి దగ్గర దాని ఖరీదు ఎక్కువ. పొలమో, ఇంటి స్థలమో, చెరువో అయితే రికార్డులో రాయడానికి ఒక గడి ఉంటుంది. ఏడాదిలో కొన్ని నెలలు నీరుగా, కొన్ని నెలలు నేలగా ఉండేదానికి ఏ రెవెన్యూ పుస్తకంలోనూ సరైన గడి లేదు. గడి లేనిది బంజరు కింద పడుతుంది, బంజరు కింద పడినదాన్ని ఎవరో ఒకరు బాగు చేయబూనుకుంటారు. డిస్మల్ చిత్తడి మూడు వందల ఏళ్ల చరిత్ర ఈ వరుసను ఒక్కొక్క మెట్టుగా చూపిస్తుంది.

వర్జీనియా బృందంలో ముఖ్యుడు విలియం బైర్డ్. జేమ్స్ నది ఒడ్డున వెస్టోవర్‌లో పెద్ద ఎస్టేటు ఉన్నవాడు, బానిసల యజమాని, ఇంగ్లండ్‌లో చదువుకున్నవాడు. వలసల్లోకెల్లా పెద్ద సొంత గ్రంథాలయాల్లో ఒకటి ఆయనదే. ఈ సరిహద్దు యాత్ర మీద ఆయన రెండు కథనాలు రాశాడు. ఒకటి నలుగురికీ చూపించడానికి, రెండోది స్నేహితుల మధ్య తిప్పుకుని నవ్వుకోవడానికి. రెండూ ఆయన బతికుండగా అచ్చు కాలేదు. మొదటిది 1841లో, రెండోది 1929లో వెలువడ్డాయి. చిత్తడిని ఎండగట్టడానికి ఒక ప్రతిపాదన కూడా తయారుచేశాడు. కంపెనీ పెట్టాలి, కొద్దిమంది బానిసలతో మొదలుపెట్టి వాళ్ల సంఖ్య పెంచుకుంటూ పోవాలి, కాలువలు తవ్వి నీరు వదిలేసి తాళ్లకూ తెరచాపలకూ పనికొచ్చే హెంప్ నార పండించాలి అన్నది దాని సారాంశం. నార్త్ కరోలినా తన కమిషనర్లకు పారితోషికంగా భూమి ఇచ్చింది. చిత్తడికి బాగా పడమరగా, డాన్ నది వెంట ఉన్న ఆ భూమిలో 20,000 ఎకరాలను బైర్డ్ కొనుక్కుని ‘ఈడెన్ భూమి’ అని పేరు పెట్టుకున్నాడు. ఇందులో దొంగతనం ఏమీ లేదు. ఆ రోజుల్లో అది సాధారణ వ్యవహారం. హద్దు తేల్చడానికి వెళ్లిన కన్ను, దారిలో కనిపించిన ప్రతి నేలనూ ధర కట్టే కన్నుగానే చూసిందని మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది. ధర పలికిన నేల ఈడెన్ అయింది, ధర పలకని చిత్తడి నరకమైంది.

బైర్డ్ చూడనివి కావు, చూసి కూడా లెక్కలోకి తీసుకోనివి ఇంకా ముఖ్యం. చిత్తడికి చేరువలో, గీత వెళ్లే దారిలోనే, తాము స్వతంత్రులమని చెప్పుకునే ఒక మిశ్రమ జాతి కుటుంబం ఆయన బృందానికి ఎదురైంది. వాళ్ల మాట ఆయన నమ్మలేదు. పారిపోయిన బానిసలు చాలామంది ఈ మారుమూల తలదాచుకుంటారనీ, చుట్టుపక్కల తెల్లవాళ్లు కొందరు చవకగా పని చేయించుకోవడానికి వాళ్లను దాచిపెడతారనీ రాశాడు. చిత్తడి అంచున మనుషులున్నారని, వాళ్లకు అక్కడ బతికే దారి తెలుసని ఆయన కాగితాలే చెబుతున్నాయన్నమాట. అయినా ఆ చోటు మనిషికి పనికిరానిదన్న తీర్పు మారలేదు. దగ్గర్లోని ఎన్నో నదులు ఈ చిత్తడిలోనే పుడుతున్నాయని కూడా ఆయన గుర్తించాడు. నాన్సిమండ్, పాస్క్వోటాంక్, పర్క్విమన్స్, నార్త్‌వెస్ట్ నదులూ ఎలిజబెత్ నది దక్షిణ పాయా అక్కడివే. ఇన్ని నదులకు నీరిచ్చే చోటును ఎండగడితే ఆ నదులకు ఏమవుతుందన్నది సహజంగా రావాల్సిన ప్రశ్న. అది రాలేదు. హద్దు ఎక్కడ, నేల ఎంతకు అన్న రెండే ప్రశ్నలతో వెళ్లినవాడికి మనుషులూ నదులూ యాత్రలో చెప్పుకునే వింతలుగా మిగిలారు.

ఆ తర్వాత వచ్చిన పేరు జార్జ్ వాషింగ్టన్. ఆయన వృత్తిరీత్యా సర్వేయరు. 1749లో, పదిహేడేళ్ల వయసులోనే కల్పెపర్ కౌంటీకి సర్వేయరయ్యాడు. 1763లో డిస్మల్ చిత్తడిని స్వయంగా తిరిగి చూశాడు. అదే ఏడాది మరికొందరు భూస్వాములతో కలిసి దాన్ని ఎండగట్టే కంపెనీ ఒకటి ఏర్పాటు చేశాడు. భాగస్వాములు డబ్బుతో పాటు తమ వాటా బానిసలను కూడా పంపాలన్నది ఏర్పాటు. ఆ బానిసలు పడమటి అంచు నుంచి మధ్యలోని డ్రమండ్ సరస్సు దాకా దాదాపు 5 మైళ్ల కాలువ తవ్వారు. ఇప్పటికీ దాన్ని వాషింగ్టన్ డిచ్ అంటారు. తవ్వినవాళ్ల పేర్లు ఆ కాలువకు లేవు. అనుకున్న పొలాలు రాలేదు. వ్యవసాయం కలిసిరాకపోయేసరికి కంపెనీ కలప మీద పడింది. ఇళ్ల పైకప్పులకు వేసే చెక్క పెంకుల కోసం తెల్ల సెడార్, సైప్రస్ చెట్లు నరికించి అమ్ముకుంది. 1795లో వాషింగ్టన్ తన వాటాను హెన్రీ లీ అనే దొరకు అమ్మబోయాడు. లీ డబ్బు కట్టలేకపోవడంతో ఆ వాటా తిరిగి వాషింగ్టన్ ఆస్తిలోకే వచ్చింది. గొలుసు, దిక్సూచి పట్టి ఎదిగిన వ్యక్తి స్వయంగా చూసి వేసిన పథకం ఎందుకు తప్పింది? కొలవడంలో లోపం లేదు. ఎన్ని ఎకరాలున్నాయో చూశారు, నీరు అక్కడ ఎందుకు నిలుస్తోందో చూడలేదు.

నీరు నిలవడానికి కారణం నేల వాలులో ఉంది. చిత్తడి అంటే పల్లం అనుకుంటాం. డిస్మల్ విషయంలో అది నిజం కాదు. పడమట సఫోక్ గట్టు నుంచి తూర్పుకు మైలుకు ఒక అడుగు చొప్పున మాత్రమే నేల వాలుతుంది. మధ్యలోని డ్రమండ్ సరస్సు తూర్పున ఉన్న ఊళ్ల కన్నా ఎత్తులో ఉంటుంది. వేల ఏళ్లుగా ఆకులూ కొమ్మలూ నీటిలో పడి, గాలి తగలక పూర్తిగా కుళ్లకుండా పేరుకుని పీట్ అనే నల్లటి నేలగా మారాయి. ఆ పీట్ నీటిని పట్టి ఉంచుతుంది, ఆ నీరే పీట్‌ను కాపాడుతుంది. ఇలాంటి చోట కాలువ తవ్వితే నీరు మాత్రమే పోదు, నేలను నేలగా ఉంచే సూత్రమే తెగిపోతుంది. 1793లో మొదలై 1805లో తెరుచుకున్న 22 మైళ్ల డిస్మల్ స్వాంప్ కెనాల్ తూర్పు వైపు పరచుకుని పారే నీటికి అడ్డుపడింది. కాలువకు అవతల నేల ఎండి పొలాలయింది. దాన్ని కూడా యజమానుల దగ్గర అద్దెకు తెచ్చిన బానిసలే తవ్వారు. అక్కడ పనిచేసి, మూడుసార్లు డబ్బు కడితే గానీ స్వేచ్ఛ దక్కని మోజెస్ గ్రాండీ 1843లో అచ్చయిన తన జీవిత కథలో ఆ పని ఎలా ఉండేదో చెప్పాడు. నడుముల దాకా బురదా నీళ్లలో నిలబడి వేళ్లు నరకడం, పని తగ్గితే కొరడా దెబ్బలు. కాలువ పొడవు, లోతు, ఖర్చు లెక్కల్లోకి ఎక్కాయి. ఇది ఎక్కలేదు.

ఆ కాలమంతా చిత్తడి లోపలి సంగతులు బాగా తెలిసినవాళ్లు పటం గీయనివాళ్లే. 17వ శతాబ్ది చివరి నుంచి 1860ల అంతర్యుద్ధం దాకా బానిసత్వం నుంచి పారిపోయినవాళ్లు అక్కడ బతికారు. చరిత్రకారులు వాళ్లను మారూన్లు అంటారు. వాళ్ల కన్నా ముందు నుంచీ అక్కడ నాన్సిమండ్ వంటి ఆదివాసీ తెగల రాకపోకలు ఉండేవి. బురద మధ్య అక్కడక్కడా కాస్త ఎత్తుగా, పొడిగా ఉండే దిబ్బలు ఉంటాయి. సర్వే గీతకు అవి అడ్డంకులు, పారిపోయినవాళ్లకు అవే ఊళ్లు. చెక్క పెంకుల పనికి వచ్చిన బానిస కూలీలకు మారూన్లు చాటుగా సాయం చేసి తిండీ బట్టా సంపాదించుకునేవారు. అక్కడే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే చనిపోయినవాళ్లున్నారని స్థానికులు చెప్పగా విన్నానని ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ 1856 నాటి యాత్రాగ్రంథంలో రాశాడు. ప్రభుత్వానికి ఇదంతా తెలియకుండా పోలేదు. డిస్మల్ చిత్తడిలో పారిపోయిన బానిసలను పట్టుకోవడానికి నార్త్ కరోలినా 1847లో ప్రత్యేకంగా చట్టం చేసింది. లోపల పనిచేసే బానిస కూలీల వయసు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు, దెబ్బల గుర్తులు కోర్టు పుస్తకాల్లో నమోదు చేయించింది. ఈ రిజిస్టర్లు కొన్ని ఈనాటికీ ఉన్నాయి. ఆ చిత్తడిలోని మనుషులను అధికారం ఒకసారి శ్రద్ధగా లెక్కపెట్టింది, అదీ పట్టుకోవడానికే. ఉద్దేశం మారితే అదే సర్వేకు కళ్లు ఎలా వస్తాయో చూపడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

2000ల తొలి ఏళ్లలో మరో రకం సర్వే మొదలైంది. అమెరికన్ యూనివర్సిటీకి చెందిన పురావస్తు పరిశోధకుడు డాన్ సేయర్స్ బృందం ఈసారి అడిగిన ప్రశ్న వేరు. ఇక్కడ ఎవరు బతికారు, ఎలా బతికారు? ఆ ప్రశ్నతో వెళ్లేసరికి పనికిరాని బురదగా చూసిన చోటే, చిత్తడి లోపల సుమారు 20 ఎకరాల దిబ్బ మీద గుడిసెల స్తంభాల గుంతలు, పొగ తాగే మట్టి గొట్టాల ముక్కలు, తుపాకీ చెకుముకి రాయి, సీసపు గుండ్లు, పాత ఆదివాసీ రాతి పనిముట్లను మళ్లీ చెక్కుకుని వాడుకున్న ఆనవాళ్లు దొరికాయి. దొరికినవి చాలా చిన్నవి, కొన్ని గోరంత కూడా లేవు. కానీ చిత్తడి లోపల సహజంగా రాయి ఉండదు. కాబట్టి అక్కడ దొరికిన ప్రతి రాతి ముక్కనూ ఎవరో ఒక మనిషి మోసుకొచ్చి ఉండాలి. ఆ తర్కం మీద నిలబడి సేయర్స్ 2014లో తన పరిశోధనను పుస్తకంగా తెచ్చాడు. ఆయన బృందానికి ఉన్న పరికరాల్లో ముఖ్యమైనవి తాపీలు, జల్లెళ్లు, ఓపిక. బైర్డ్ మనుషుల దగ్గరా దిక్సూచి, గొలుసు, ఓపిక ఉన్నాయి. పరికరాలు కాలంతో మారాయి నిజమే గానీ, ఫలితాన్ని మార్చింది ప్రధానంగా ప్రశ్న.

నేల గురించిన అసలు లెక్క కూడా ఆలస్యంగానే బయటపడింది. ఒకప్పుడు పది లక్షల ఎకరాలకు మించి ఉండేదని అంచనా వేసే ఈ చిత్తడిలో 1950ల నాటికి పాత అడవి దాదాపు పూర్తిగా పోయింది. 1973లో యూనియన్ క్యాంప్ అనే కలప, కాగితం కంపెనీ 49,000 ఎకరాలకు పైగా ఇచ్చేసింది. 1974లో అది జాతీయ వన్యప్రాణి శరణాలయమైంది, ఇప్పుడు అందులో 1,12,000 ఎకరాలకు కాస్త అటూ ఇటూగా ఉంది. లోపల 150 మైళ్లకు పైగా పాత కాలువలూ వాటి గట్ల మీది బాటలూ ఉన్నాయి. అవి నీటిని లాగేసిన చోట పీట్ ఎండి కట్టెగా మారింది. 2008లో అంటుకున్న మంట 121 రోజులు మండింది. 2011లో అదే మచ్చ మీద పిడుగు పడి రేగిన మరో మంట 111 రోజులు మండింది. ఐరీన్ తుపాను కుంభవృష్టి కురిసినా అది పూర్తిగా ఆరలేదు. మంటకు ముందూ తర్వాతా విమానం నుంచి లేజర్‌తో నేల ఎత్తును కొలిచి చూస్తే సగటున దాదాపు అర మీటరు నేల కాలిపోయినట్లు, పది లక్షల టన్నులకు పైగా కార్బన్ గాలిలో కలిసినట్లు తేలింది. 18వ శతాబ్దపు గుమాస్తా రాసుకున్న లాభనష్టాల పట్టీలో ఈ నష్టానికి వరుస లేదు. దాన్ని 21వ శతాబ్దం చెల్లించింది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. 1728 నాటి మనుషులకు కార్బన్ తెలియదు, పీట్ శాస్త్రం తెలియదు, చెడు గాలి వల్ల జ్వరం వస్తుందన్నది అప్పటి వైద్యులందరి నమ్మకం. వాళ్లను ఇవాళ్టి కళ్లతో తూచడం అన్యాయం కాదా? శాస్త్రం విషయంలో ఈ మాట ఒప్పుకోవాలి. మలేరియాకు దోమ కారణమని తెలియనివాడు చిత్తడి గాలికి భయపడితే తప్పు పట్టలేం. కానీ నా వాదన వాళ్లకు తెలియనిదాని మీద నిలబడలేదు, వాళ్లకు తెలిసినదాని మీద నిలబడింది. చిత్తడిలో నదులు పుడుతున్నాయని బైర్డ్‌కు తెలుసు. అక్కడ మనుషులు బతుకుతున్నారని తెలుసు. కాలువల పని బానిసల ప్రాణాలతో జరుగుతుందని ఆయన ప్రతిపాదనకే తెలుసు, అందుకే దానిలో బానిసల సంఖ్య పెంచుకునే ఏర్పాటు రాశాడు. ఉన్న సమాచారం తీర్పును మార్చకపోతే లోపం సమాచారంలో లేదు, తీర్పు ముందే తయారైపోవడంలో ఉంది. ఇది 18వ శతాబ్దానికే పరిమితమైన జబ్బు కూడా కాదు. కావలసిన తుది వాక్యం ముందే రాసుకుని దానికి సరిపడే కొలతలు తెచ్చుకునే నివేదికలు ఏ కాలంలోనూ కొరత కాలేదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఎండగట్టిన నేల మనుషులకు తిండి పెట్టింది, కాలువ రెండు రాష్ట్రాల సరుకును నడిపింది, కలప ఇళ్లకు కప్పయింది. చిత్తడిని చిత్తడిగా వదిలేసి ఉంటే ఆ ఊళ్లు, ఆ పొలాలు ఎక్కడివి? నిజమే. డిస్మల్ స్వాంప్ కెనాల్ ఇప్పటికీ పడవలు తిరుగుతున్న కాలువ. అంచుల్లో ఎండిన నేలలు మంచి పొలాలయ్యాయి. చిత్తడి నేల ఒక్క అడుగు కూడా ఎప్పుడూ ముట్టకూడదని ఎవరూ అనలేరు. నేను అడిగేది లాభం ఉందా లేదా అని కాదు, లాభనష్టాల పట్టీలో ఏమేం రాశారు అని. రాబడి రాసిన చోట తవ్వినవాళ్ల ప్రాణాలు రాయలేదు. కలప రాసిన చోట నీరు రాయలేదు. పొలం రాసిన చోట, ఎండిన పీట్ గాలి తగిలి ఏటికేడు కుంగిపోతుందనీ, ఒకసారి అంటుకుంటే నెలల తరబడి ఆరదనీ రాయలేదు. సగం లెక్క చూపించి లాభం వచ్చిందనడం అప్పులు దాచి ఆస్తి చూపించడమే. పూర్తి లెక్క వేశాక కూడా కొంత నేలను ఎండగట్టడమే మేలని తేలితే దాన్ని అప్పుడు ఒప్పుకోవచ్చు. డిస్మల్‌లో ఆ లెక్క ఎవరూ వేయలేదు. చెరిగిపోయినదాన్ని తిరిగి తేవడానికి ఇప్పుడు శరణాలయం అధికారులు పాత కాలువలకు అడ్డుకట్టలు, తూములు పెట్టి నీటిని లోపలే నిలిపే ప్రయత్నం చేస్తున్నారు. ఒక శతాబ్దం తవ్వడానికి పెట్టిన ఖర్చును ఇంకో శతాబ్దం పూడ్చడానికి పెడుతోంది.

మారూన్ల గురించి చరిత్రకారులకు దొరికిన ఆధారాలు పలచనివనీ, గోరంత రాతి ముక్కల మీద ఒక వీరగాథ కట్టేస్తున్నారనీ మరో విమర్శ. అక్కడ ఎంతమంది బతికారన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. 1939లో చరిత్రకారుడు హెర్బర్ట్ ఆప్తేకర్ సుమారు 2,000 మంది అన్నాడు. ఆ తర్వాతి అంచనాలు ఎక్కువగానూ తక్కువగానూ ఉన్నాయి. సంఖ్యను పెంచి చెప్పాల్సిన అవసరం నాకు లేదు. ఆధారాలు పలచగా ఉండటానికి కారణాన్ని మాత్రం గుర్తించాలి. కనిపిస్తే పట్టుబడే మనుషులు ఆనవాళ్లు మిగల్చకుండా బతికారు. కర్రా ఆకూ వాడారు, ఉన్నదాన్నే తిరిగి తిరిగి వాడారు. దస్తావేజులు రాసే హక్కు వాళ్లకు లేదు. దస్తావేజు లేదు కాబట్టి మనిషి లేడనడం, మొదటి సర్వే చేసిన తప్పునే చరిత్ర పేరుతో మళ్లీ చేయడం. 1847 చట్టం, పారిపోయిన బానిసల కోసం యజమానులు పత్రికల్లో వేయించిన ప్రకటనలు, దిబ్బ మీది స్తంభాల గుంతలు వేరు వేరు చేతుల నుంచి వచ్చినవి. వాటిలో రెండు మారూన్ల శత్రువులే రాసినవి. మెచ్చుకోవాలన్న ఉద్దేశం వాళ్లకు ఏ కోశానా లేదు. అయినా మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

అయితే సర్వేలే లేకుండా ఉంటే మేలని దీని అర్థమా? ఆ మాట నిలవదు. శరణాలయానికీ హద్దు కావాలి, ఆ హద్దునూ ఎవరో ఒకరు కొలవాలి. కాలిన నేల లోతును లేజర్ కొలవకపోతే నష్టం ఎంతో తెలిసేదే కాదు. కొలత లేకపోతే రక్షణ కూడా మాటగానే మిగులుతుంది. ఒక చిక్కు మాత్రం ఉంది, దాన్ని దాటవేయకూడదు. మారూన్లకు పటం లేకపోవడమే రక్షణ. లోపలి దారులు, దిబ్బల జాడ కాగితం మీదికెక్కితే వేటకుక్కలు అదే దారిన వచ్చేవి. కొలవడం దానంతటదే మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఆ కొలత ఎవరి చేతికి వెళుతుంది, దానితో వాళ్లు ఏం చేయబోతున్నారన్నది చూశాకే మంచీ చెడూ తేలుతాయి. అందుకే సర్వే అనగానే నిపుణుల వ్యవహారమని పక్కకు తప్పుకోవడం పౌరులకు తగదు. గొలుసు ఎలా లాగాలో నిపుణులు చెప్పాలి. ఏం కొలవాలో, ఎందుకు కొలవాలో అడిగే హక్కు అందరిదీ.

ఈ హక్కు మనకు ఎంత అవసరమో కొల్లేరును చూస్తే తెలుస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న ఆ సరస్సు భవితవ్యం చాలా ఏళ్లుగా కాంటూరు అనే ఒక్క మాట మీద ఊగుతోంది. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు దాకా, అంటే ఐదో కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో ఆక్రమణల చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ తర్వాత అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలన్న డిమాండ్ బలపడింది. దాన్ని పరిశీలించిన అజీజ్ కమిటీ ఐదో కాంటూరే ఉండాలంది. లోపల చిక్కుకున్న జిరాయితీ రైతుల గోడు నిజమైనదే, పరిహారం మాట తేల్చకుండా వాళ్లను చట్టం మధ్య వేలాడదీయడం అన్యాయమే. కానీ ఐదా మూడా అన్న తగవులో ఒక సంగతి మరుగున పడుతోంది. కాంటూరు నేల ఎత్తును మాత్రమే చెబుతుంది. బుడమేరు, తమ్మిలేరు వరద ఎంత వేగంతో వస్తుందో, ఉప్పుటేరు ఎంత నీటిని సముద్రానికి దింపగలదో, చెరువు గట్ల మధ్య నీరు ఎక్కడ ఇరుక్కుంటుందో, లంక గ్రామాల్లో చెరువు లేని మత్స్యకారుడు దేని మీద బతుకుతున్నాడో అది చెప్పదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి చేరాల్సింది కొల్లేరుకే. నీటికి ఎన్నో కాంటూరో తెలియదు.

అలాగని రెండు గీతలూ ఒకటే అనుకోవాలా? కాదు. పూర్తి లెక్క లేనప్పుడు ఏ వైపు పొరబడితే దిద్దుకోగలమో ఆ వైపు ఉండాలి. ఐదో కాంటూరు దాకా కాపాడి, అందులో కొంత అక్కర్లేదని తర్వాత తేలితే కాగితం మీద కుదించుకోవచ్చు. ముందే కుదించి, గట్లు లేచి, నీటి దారులు మూసుకున్నాక పొరబాటని తేలితే దిద్దడానికి ఒక తరం చాలదు. డిస్మల్ అనుభవం ఈ విషయంలో సందేహానికి చోటివ్వదు. 1763లో మొదలైన తవ్వకాన్ని అమెరికా వంటి సంపన్న దేశం ఇంకా పూడ్చుకుంటూనే ఉంది. కాబట్టి కొల్లేరైనా, మరే చిత్తడి అయినా, హద్దు మార్చే ముందు ప్రభుత్వం నాలుగు సంగతులు జనం ముందు పెట్టాలి. సర్వే చేయమని అడిగింది ఎవరు, ఆ ఫలితంతో లాభపడేది ఎవరు? వానాకాలం, ఎండాకాలం రెండింటిలోనూ, వరద ఏడూ కరువు ఏడూ కలిపి కొలిచారా? పట్టా లేకుండా ఆ నీటి మీద బతికేవాళ్లను వాళ్ల ఊళ్లకు వెళ్లి అడిగారా? ఎండగట్టడం వల్ల వచ్చే రాబడి పక్కనే వరద, నేల, చేప, ఉపాధి నష్టాన్ని కూడా రాశారా? ఈ నాలుగింటికీ కాగితం మీద జవాబు లేని సర్వే ఎంత కచ్చితమైన యంత్రాలతో చేసినదైనా సగం సర్వేనే. సగం సర్వే ఆధారంగా వచ్చే నోటిఫికేషన్‌ను అసెంబ్లీలో ప్రశ్నించాలి, కోర్టులో సవాలు చేయాలి, అంతకన్నా ముందు గ్రామసభలో నిలదీయాలి.